రాజాజ్ఞకు అడ్డు, రాజాజ్ఞకు హద్దు

ప్రభుత్వోద్యోగి తన విధిని నెరవేర్చుచుండగా అడ్డుపడుట నేరమని పల్లెలోని పసివాడు సైతము ఎఱుగును. కాని ఏది అడ్డుపడుట, ఏది కాదు. ఏ యాజ్ఞకు తల వంచవలయును, ఏ యాజ్ఞను ప్రశ్నింపవచ్చును. అడ్డుపడినవానికి తగిన శిక్ష యెంత, ఆ శిక్షను కొలుచువారెవ్వరు? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు చదువుకొన్నవారిలోను కొలదిమందియే. ఇవి పట్టణములలోని న్యాయవాదులకు మాత్రమే సంబంధించినవని తలచుట సరికాదు. వీనిలో పెక్కింటికి సమాధానములు మన సీమ నేలమీదనే, నల్లమల అంచునను కుందేటి పరిసరములందును, నెత్తురు చిందిన పిమ్మట దొరకినవి.

అడ్డుపడరాదను శాసనమునకు రెండు ముఖములు కలవు. మొదటిది ప్రజను కట్టడిచేయునది. రెండవది ఉద్యోగిని కట్టడిచేయునది. మొదటి ముఖమును మన తాతముత్తాతలు బాగుగా ఎఱుగుదురు. రెండవ ముఖము వారికి కనబడుటకు చాల కాలము పట్టెను. ఒకటి లేనిచో రెండవది నిలువదని తెలుపుటకే ఈ చరిత్రను ఇచట సంగ్రహింపవలసివచ్చినది.

పూర్వధర్మము

మన పూర్వులు న్యాయస్థాన వ్యవహారమునకు నాలుగు పాదములు చెప్పిరి. వాది తన మొఱను విన్నవించుట, ప్రతివాది ఉత్తరమిచ్చుట, సాక్ష్యాదులచే నిరూపించుట, నిర్ణయము జరుగుట అనునవి ఆ నాలుగు పాదములు. వీనిలో ఏ యొక్కటి విఱిగినను వ్యవహారము కుంటుపడును. కావుననే స్మృతికారులు పిలిచినను సభకు రానివానిని, కల్లసాక్ష్యము పలుకువానిని దండనీయులనిరి.

నారదస్మృతిలో 'ఆసేధము' అను నొక పద్ధతి కలదు. ప్రతివాది రాజసభకు పిలువబడునంతలో జాఱిపోకుండ అతనిని నిలిపియుంచుట ఆసేధము. ఒక తావునకు కట్టుపఱచుట, ఒక గడువు విధించుట, ప్రయాణమును మాన్పించుట, ఒకానొక పనిని మాన్పించుట అని అది నాలుగు తెఱగులు. ఆసేధమును దాటినవాడు శిక్షార్హుడు. ఇంతటితో సరిపుచ్చినచో అది నేటి వారంటునకు పూర్వరూపమని మాత్రమే అనుకొని యుందుము. కాని నారదుడు అచ్చట ఆగలేదు. ఏటిని దాటుచున్నవాడును, అడవిలో చిక్కినవాడును, ఆపదలో నున్నవాడును ఆసేధమును మీఱినను దోషము లేదనెను. రోగిని, పెండ్లికి సిద్ధమైనవానిని, ఆవులను కాయు గొల్లవానిని, పైరు పెట్టు అదనున సేద్యగానిని నిలుపరాదనెను. నిలుపరానివానిని నిలిపినచో ఆ నిలిపినవాడే దండ్యుడనెను. ఆజ్ఞను మీఱినవానికి శిక్ష, ఆజ్ఞను దుర్వినియోగము చేసినవానికిని శిక్ష! రెండును ఒకే ప్రకరణమున నుండుట గమనింపదగినది. ఈ ధర్మమును విజ్ఞానేశ్వరుని మితాక్షరయు గ్రహించినది. ఆ మితాక్షరను అనుసరించియే పదుమూడవ శతాబ్దమున కేతన 'విజ్ఞానేశ్వరీయము'ను రచించి ధర్మశాస్త్రమును తెనుగువారికి అందించెను.

కౌటిల్యుని అర్థశాస్త్రము తాటియాకులలో మఱుగుపడియుండి, 1905లో మైసూరున శామశాస్త్రిగారికి లభించి, 1909లో అచ్చుపడినది. అందు న్యాయాధిపతి కక్షిదారుని బెదరించినను, కసరినను, సభనుండి గెంటివేయించినను అతనికి జుర్మానా విధింపవలెనని కలదు. సామాన్యునికి ఒక కార్షాపణము జుర్మానా పడు తప్పునకు రాజునకు వేయి పడవలెనని మనుస్మృతి చెప్పినది. అయితే అదే స్మృతి వర్ణమును బట్టి శిక్షను హెచ్చించుటయు తగ్గించుటయు చేసినదన్న సత్యమును దాచరాదు. పూర్వులు పాలకునకు హద్దు గీచిరి. కాని ఆ హద్దులోపల మనుష్యులందఱు ఒక్కటియని వారు తలపలేదు. ఈ కొఱత తరువాతి కాలమునకును సంక్రమించినది.

కావలి, తలారి, తహశీల్దారు

1800 సంవత్సరమున నిజాము దత్తమండలములను ఇంగ్లీషు కుంఫిణీ వారికి అప్పగించెను. కోయిలకుంట్ల, కంభము మొదలగు తావులు అప్పుడే కుంఫిణీ పాలనలోనికి వచ్చినవి. మహానంది యున్న నంద్యాల సీమ మాత్రము 1839 వఱకు కర్నూలు నవాబు చేతిలో నుండెను. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807 వఱకు ఇచట పనిచేసెను. ఆయన వచ్చునప్పటికి ఈ మండలములలో 80 మంది పాలెగాండ్రు ఉండిరి. కోటలు వారివి, బంట్లు వారి వారు. ఊళ్లకు కావలి కాచి కావలి రుసుము తీసికొనుట వారి హక్కు. దొంగను పట్టువాడును, తగవు తీర్చువాడును, పన్ను వసూలు చేయువాడును పాలెగాడే యైనప్పుడు, అతని మాటకు అడ్డుపడుట నేరమా కాదా యని అడుగుటకు మఱియొక వాకిలి లేదు.

మన్రో పాలెగాండ్ర బలమును అణచెను. కాని వారి స్థానమున ఏమి నిలుపవలెనన్నది చిక్కు ప్రశ్న యయ్యెను. 1802లో బెంగాలు పద్ధతి ననుసరించి దారోగాలను నియమించిరి. అది ఈ దేశమునకు పొసగలేదు. 1814లో మన్రో అధ్యక్షతన ఒక కమీషను ఏర్పడెను. దాని ఫలితముగా 1816లో పెక్కు రెగ్యులేషనులు పుట్టినవి. వానిలో 11వది పోలీసును గూర్చినది. దానిచే గ్రామపెద్దయే గ్రామపు పోలీసునకు పెద్ద యయ్యెను. తలారి అతని చేతి క్రిందివాడయ్యెను. తాలూకాలో తహశీల్దారు పోలీసు అధికారి, జిల్లాలో కలెక్టరు మేజిస్ట్రేటు.

ఆ రెగ్యులేషనులోని ఒక నిబంధన ఇప్పటికిని తలచుకొనదగినది. తిట్టుకొన్నవారిని, స్వల్పముగా చేయిచేసికొన్నవారిని గ్రామపెద్ద 12 గంటలకు మించకుండ చావడిలో నిర్బంధింపవచ్చును. నేరస్థులు తక్కువ కులములుగా ఎంచబడినవారైనచో 6 గంటలకు మించకుండ బొండకొయ్యలో వేయింపవచ్చును. ఒకే తప్పునకు ఒకనికి చావడి అరుగు, మఱియొకనికి బొండకొయ్య! గంటల లెక్కను పెట్టి గ్రామపెద్దకు హద్దు గీచిన ఆ శాసనమే, మనుష్యునికి మనుష్యునికి నడుమ గోడ కట్టినది.

ఇంకొక లోపము దీనికంటె పెద్దది. తహశీల్దారు శిస్తు వసూలు చేయును. ఖజానాకు అతడే అధికారి. పోలీసును అతని చేతిలోనిదే. శిస్తు కట్టలేనివాడు వాదించినచో, ఆ వాదన శిస్తు తగవా, పోలీసు విధికి అడ్డుపడుటయా అని తేల్చువాడును తొలుత అతడే. మూడధికారములు ఒక చేతిలో నున్నచో ప్రతి తగవును ధిక్కారముగానే కనబడును. ఈ లోపము 1846లో కోయిలకుంట్లలో బయటపడెను.

కోయిలకుంట్ల

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నొస్సము పాలెగాడైన జయరామిరెడ్డికి దౌహిత్రుడు. పాలెము ప్రభుత్వపరమైపోయి, కుటుంబమునకు పింఛను మాత్రము మిగిలెను. అందు నరసింహారెడ్డి వంతు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఒకనాడు కోటయు బంట్లును కలిగిన వంశమువాడు ఈ స్వల్పమునకై ఖజానా వాకిట నిలువవలసివచ్చెను.

కాని ఆ తిరుగుబాటు పింఛను తగవు మాత్రమే కాదు. కట్టుబడి బంట్లు అనువారు పూర్వము ఊళ్లకు కావలి కాచి, అవసరమైనపుడు ఆయుధము పట్టి కొలువుచేసి, అందులకు ప్రతిఫలముగా తక్కువ పన్నుతో ఇనాము భూములు అనుభవించుచుండిరి. కుంఫిణీ వారు చనిపోయిన ఇనాముదారుల భాగములను తమ వశము చేసికొనసాగిరి. నిన్నటి వఱకు శాంతిభద్రతలు కాచినవారే నేడు భూమి పోయి వీధిని పడిరి. నరసింహారెడ్డి వెంట నడచినవారిలో ఇట్టివారు పెక్కుమంది. పోలీసుకు అడ్డుపడినవారని కుంఫిణీ వారు ఎవరిని నిందించిరో, వారిలో పలువురు పాత పోలీసులే యన్నది ఈ చరిత్రలోని చేదు నిజము.

1846 జూలైలో వారు కోయిలకుంట్ల ఖజానాపై పడి దోచిరి. పిమ్మట నల్లమల అంచునగల రుద్రవరము వైపునకు సాగిరి. గిద్దలూరు వద్ద కుంఫిణీ సేనతో పోరిరి. నరసింహారెడ్డి తలకు ప్రభుత్వము బహుమానము ప్రకటించెను. అక్టోబరులో పేరుసోమల కొండలలో అతడు చిక్కెను. దాదాపు వేయిమందిపై వారంటులు వెలువడినవి. వారిలో 412 మందిని ఏ నేరమును మోపకయే విడిచిపెట్టిరి. 273 మంది జామీనుపై విడుదలైరి. 112 మందికి శిక్షలు పడినవి. హత్య, రాజద్రోహము, దోపిడి నేరములపై నరసింహారెడ్డికి ఉరిశిక్ష విధించి, 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో రెండువేల మందికి పైగా జనము చూచుచుండగా అమలుపఱచిరి. అతని శిరస్సును కోటగోడపై 1877 వఱకు, అనగా ముప్పది సంవత్సరములు, వ్రేలాడదీసి యుంచిరి.

ఖజానాను దోచుటయు, కొలువులో నున్నవారి ప్రాణములు తీయుటయు ఏ రాజ్యమునను నేరమే. అట్లు కాదని చెప్పుట చరిత్ర కాదు. అయినను రెండు విషయములు విచారింపదగినవి. మొదటిది: ఏ నేరమును మోపుటకు వీలులేని 412 మందిపై వారంటులు వెలువడినవన్న, అవి ఎంత విచ్చలవిడిగా వ్రాయబడినవో ఊహింపవచ్చును. జూలై మొదలు అక్టోబరు వఱకు మెట్టసీమలో పైరు పెట్టు అదను. నారదుడు నిలుపరాదన్న సేద్యగాండ్రు వారిలో ఎందఱుండిరో! రెండవది: నేరము చేసినవానికి ప్రాణదండనతో శిక్ష తీఱినది. తలను ముప్పది ఏండ్లు వ్రేలాడదీయుట నేరమునకు శిక్ష కాదు, చూచువారిని బెదరించుటయే. కొలతలేని శిక్ష న్యాయస్థానపు గౌరవమును పెంపదు. ఏ శిరస్సును చూచి జనము భయపడవలెనని పాలకులు తలచిరో, ఆ పేరునే జనము పాటలు కట్టి పాడుకొనిరి. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయమునకు ప్రభుత్వమే ఆ పేరు పెట్టినది.

చెన్నపట్నపు కమీషను

కోయిలకుంట్లలో బయటపడిన రోగము ఒక్క తాలూకాది కాదు. రాజధాని యంతట శిస్తు వసూలుకై రైతులను హింసించుచున్నారని 1854లో ఇంగ్లండు పార్లమెంటులో చర్చ జరిగెను. వెంటనే చెన్నపట్నమున ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను ముగ్గురితో ఒక విచారణ కమీషను ఏర్పడి 1855లో తన నివేదికను సమర్పించెను. దానికి 1,959 ఫిర్యాదులు అందినవి. 519 మంది తామే వచ్చి చెప్పుకొనిరి. 1,440 మంది లేఖలు పంపిరి. వ్రేళ్లను నలిపెడు కిట్టి, మెడను కాళ్లకు వంచి కట్టి ఎండలో నిలుపుట మొదలగు హింసలు ఆ నివేదికకు ఎక్కినవి. శిస్తు బాకీదారునకును దొంగతనపు అనుమానితునకును ఒకే హింస, దానిని పెట్టువాడును ఒకే బంట్రోతు! రెవిన్యూయు పోలీసును ఒకే చేతిలో నుండుటయే ఈ కీడునకు మూలమని కమీషను గ్రహించెను. ఈ నివేదిక సముద్రములు దాటినది. 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్కు పత్రిక యొకదానిలో దీనిని గూర్చి వ్రాసెను.

ఫలితముగా 1859లో 24వ ఆక్టుచే మద్రాసు రాజధానిలో పోలీసు శాఖ రెవిన్యూనుండి వేఱుపడెను. విలియం రాబిన్సన్ దానికి మొదటి ఇన్‌స్పెక్టరు జనరలు. 1858లో కోయిలకుంట్ల, కంభము, మార్కాపురము తాలూకాలు కడపనుండియు, పత్తికొండ బళ్లారినుండియు విడివడి కర్నూలుతో చేరి కొత్త జిల్లా ఏర్పడెను. నాటినుండి మన తాలూకాలలో శిస్తు అడుగువాడు వేఱు, సంకెల వేయువాడు వేఱు అయ్యెను. ఖాకీ దుస్తుల జవానును చూచి జడియు పల్లెవానికి ఈ మార్పు గొప్పగా కనబడకపోవచ్చును. కాని శిస్తు తగవు శిస్తు తగవుగనే నిలుచుటకు వీలు కలిగినది అప్పుడే.

శిక్షాస్మృతి

మెకాలే ప్రభృతులు 1837లో సిద్ధపఱచిన చిత్తు 1860లో భారత శిక్షాస్మృతిగా శాసనమై, 1862 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. దాని పదవ అధ్యాయము ప్రభుత్వోద్యోగుల న్యాయమైన అధికారమును ధిక్కరించుటను గూర్చినది. పదునొకండవది అబద్ధపు సాక్ష్యమును, న్యాయపాలనకు చేయు అపచారములను గూర్చినది.

186వ సెక్షను ప్రకారము ఉద్యోగి తన విధిని నెరవేర్చుచుండగా బుద్ధిపూర్వకముగా అడ్డుపడినవానికి మూడు మాసములకు మించని ఖైదు, లేక 500 రూపాయలకు మించని జుర్మానా, లేక రెండును. దౌర్జన్యము చేసినచో 353వ సెక్షను క్రింద రెండు సంవత్సరముల వఱకు ఖైదు. ఈ రెండును వేఱు వేఱు నేరములని 1966లో సుప్రీంకోర్టు దుర్గాచరణ్ నాయక్ కేసులో స్పష్టపఱచెను. న్యాయమైన అరెస్టును ప్రతిఘటించుట 224వ సెక్షనునకును, పట్టుబడినవానిని విడిపించుట 225వ సెక్షనునకును, నేరస్థునకు ఆశ్రయమిచ్చుట 212వ సెక్షనునకును చేరినవి. ఆశ్రయమిచ్చు విషయమున భార్యాభర్తలకు మినహాయింపు ఇచ్చుట వలన ఆ శాసనకర్తలు మనుష్య హృదయమును పూర్తిగా మఱువలేదని తెలియుచున్నది. కోటగోడపై తల ఇంకను వ్రేలాడుచున్న కాలమున, అడ్డుపడినవానికి మూడు మాసములకు మించరాదని ఒక గ్రంథము చెప్పుట చిన్న మార్పు కాదు.

ఆ గ్రంథమే రెండవ ముఖమునుగూడ చూపినది. నేరము ఒప్పించుటకో బాకీ రాబట్టుటకో గాయపఱచినవానికి 330వ సెక్షను ఏడు సంవత్సరముల వఱకు ఖైదు విధించినది. అందులకు ఇచ్చిన ఉదాహరణములలో పోలీసు అధికారియు, శిస్తు బాకీకై హింసించు రెవిన్యూ అధికారియు కలరు. 1855నాటి నివేదిక ఛాయ ఇచట కనబడుచునే యున్నది. 1872నాటి సాక్ష్యచట్టము పోలీసు అధికారి యెదుట ఒప్పుకొన్న మాట నేరమునకు రుజువు కాదనెను. మఱియు 186వ సెక్షను మొదలగు నేరములలో, అడ్డుపడబడిన ఉద్యోగి గాని అతని పై అధికారి గాని వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసిననే తప్ప న్యాయస్థానము కేసును చేపట్టరాదని క్రిమినలు ప్రొసీజరు కోడు కట్టడి చేసినది. గిట్టనివాడెవడో పోయి, ఫలానావాడు పోలీసుకు అడ్డుపడెనని చెప్పినంతమాత్రమున సరిపోదు. 1991లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 186వ సెక్షను నేరమును పోలీసువారు వారంటు లేకయే చేపట్టదగినదిగా ప్రకటించినది. ఈ విధముగా ఒక్కొక్కప్పుడు త్రాసు తట్ట ఒక్కొక్క వైపునకు మొగ్గుచుండును.

పారిపోకుండ నిలిచినవారు

శాసనమును మీఱుటలోను తరతమ భేదములు కలవు. కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన వ్రాతలకై రాజద్రోహ నేరముపై మూడేండ్లు కఠిన కారాగారవాసము పొందిరి. ఆయన దాగలేదు, ఎవరిపైనను చేయి యెత్తలేదు, సాక్షులను బెదరింపలేదు. శిక్షను అనుభవించి వచ్చి, తరువాతి జీవితమును గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును ధారపోసిరి. ఊరూర గ్రంథాలయములు వెలసిన పుణ్యములో ఆయన భాగము గొప్పది. అన్యాయమని తోచిన శాసనమును బహిరంగముగా మీఱి, ఆ మీఱుటకు తగిన శిక్షను బహిరంగముగా స్వీకరించుట న్యాయస్థానమునకు అడ్డుపడుట కాదు. దానియెదుట తన వాదమును నిలుపుటయే. గాంధీమహాత్ముని సత్యాగ్రహ ధర్మము ఇదియే.

దీనికి వ్యతిరేకమైనది మఱియొక మార్గము. మన కర్నూలు కడప సీమలలో కక్షల పేరిట జరిగిన హత్యలు లోకమునకు తెలిసినవే. కత్తి పట్టినవాని నేరము ఒకటి. అతనిని దాచిన ఇంటి నేరము రెండవది. కన్నులార చూచి చూడలేదన్న సాక్షి నేరము మూడవది. అయితే ఈ మూడవవానిని నిందించుట తేలిక, అతని స్థానమున నిలుచుట కష్టము. కోర్టు మెట్లు దిగిన తరువాత అతడు తన ఊరికే పోవలెను. తన పొలము గట్టుననే ఒంటరిగా నడువవలెను. సాక్ష్యము చెప్పుమని ఆజ్ఞాపించు రాజ్యము సాక్షిని కాపాడుటయు తన విధియని అంగీకరించుటకు చాలకాలము పట్టెను. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకమును ఆమోదించి, అది దేశమంతట శాసనమువలెనే నడువవలెనని ఆదేశించినది. బెదరింపునకు లోనైన సాక్షి ఆ పథకము క్రింద రక్షణకై దరఖాస్తు చేసికొనవచ్చును. ఈ సంగతి పల్లెలకు తెలిసినంతవఱకే ఆ యాదేశము సార్థకమగును.

నేటి సంహిత

1862నుండి నడచిన శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చెను. పాత 186 ఇప్పుడు 221వ సెక్షను. ఖైదు మూడు మాసములే. జుర్మానా 2,500 రూపాయల వఱకు పెరిగినది. పాత 353 ఇప్పుడు 132. నేరస్థునకు ఆశ్రయమిచ్చుట 249. అరెస్టును ప్రతిఘటించుట 262, విడిపించుట 263. కొలువుదీరిన న్యాయాధిపతిని బుద్ధిపూర్వకముగా అవమానించుట 267. న్యాయస్థానమున అబద్ధపు సాక్ష్యము చెప్పినవానికి 229 క్రింద ఏడు సంవత్సరముల వఱకు ఖైదు. 226వ సెక్షను కొత్తది: ఉద్యోగిని తన విధిని చేయనీయకుండుటకో, ఒక పని చేయించుటకో ప్రాణత్యాగమునకు యత్నించుటయు నేరమే. కచేరి వాకిట పురుగులమందు సీసాతో నిలుచు దుఃస్థితికి వచ్చిన రైతునకు శిక్షకంటె ముందు ఓదార్పు కావలెననుట వేఱే మాట. కాని శాసనము ఇట్లున్నదని తెలిసియుండుట మేలు.

ఇక రెండవ ముఖము. నేరము ఒప్పించుటకై హింసించు ఉద్యోగికి పాత 330వ సెక్షను శిక్షయే ఇప్పుడు 120వ సెక్షనులో కలదు. చట్టవిరుద్ధమని తెలిసియు నిర్బంధించు అధికారికి 258 క్రింద ఏడు సంవత్సరముల వఱకు ఖైదు. ఉద్యోగి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెనను నియమము నాగరిక సురక్షా సంహిత 215వ సెక్షనున నిలిచియున్నది. పట్టుకొనవచ్చిన పోలీసు అధికారి తన పేరు కనబడునట్లు ధరింపవలెను. అరెస్టు పత్రమును వ్రాసి, కుటుంబమువారిచే గాని ఊరి పెద్దమనుష్యునిచే గాని సాక్షి సంతకము చేయింపవలెను. ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని రాజ్యాంగము 22వ అధికరణమే శాసించుచున్నది. సాక్షిగా విచారించుటకు స్త్రీలను, పదునేనేండ్లలోపు బాలురను, అరువదియేండ్లు దాటిన వృద్ధులను, తీవ్రరోగులను వారి ఇంటికి పోయి అడుగవలెనే గాని ఠాణాకు రమ్మనరాదని 179వ సెక్షను చెప్పుచున్నది. రోగిని నిలుపరాదన్న నారదుని మాట ఇన్ని శతాబ్దముల పిమ్మట మఱల వినబడుచున్నది.

అట్లయినచో అధికారి ఆజ్ఞలో లోపమున్నదని తోచినప్పుడు ఏమి చేయవలెను? శాసనము దీనికి స్పష్టమైన మార్గము చూపినది. అధికారి సద్భావముతో పనిచేయుచున్నచో, ప్రాణభయము గాని తీవ్రగాయపు భయము గాని లేనంతవఱకు, అతని ఆజ్ఞ సంపూర్ణముగా చట్టబద్ధము కాకపోయినను అతనిపై చేయి యెత్తుటకు ఎవరికిని అధికారము లేదు. అతడు ఉద్యోగియని తెలియనివానికిని, తెలిసికొనుటకు ఆధారము లేనివానికిని మాత్రము ఈ నిషేధము వర్తింపదు. కావున చేయి యెత్తరాదు. నోరు మాత్రము మూయనక్కఱలేదు. వారంటు చూపుమని అడుగుట, పేరును హోదాను అడుగుట, జప్తునకు వచ్చిన అమీనాను ఆజ్ఞాపత్రము చదివి వినిపింపుమనుట, పై అధికారికి అర్జీ పంపుట, న్యాయస్థానమునకు పోవుట ఇవి అడ్డుపడుట కావు. ఇవి శాసనమును శాసనముగా నడిపించుటయే.

పల్లెకు మిగిలిన పని

1816లో పోలీసు పెద్దగా నిలిచిన గ్రామపెద్ద పదవియు, తరతరముల కరణీకమును 1984లో రద్దయినవి. చావడులు పెక్కు ఊళ్లలో కూలినవి. బొండకొయ్యలు మాయమైనవి. శాసనము ఎదుట అందఱు సమానులని రాజ్యాంగము 14వ అధికరణము చెప్పుచున్నది. మనుస్మృతియు మన్రో రెగ్యులేషనును పూడ్పలేకపోయిన కొఱతను కనీసము గ్రంథమున నైనను అది పూడ్చినది. దానిని ఊరిలోను పూడ్చుట ఊరివారి పని.

కోయిలకుంట్ల చరిత్రనుండి నేర్వదగినది ఒక్కటి. మొఱ వినువాకిలి మూతపడిన చోట ఖజానా వాకిలి పగులును. కొలతలేని శిక్ష పడిన చోట నేరస్థుడు వీరుడగును. ప్రజ తన ఆజ్ఞకు అడ్డుపడరాదని కోరు పాలకుడు, తన ఆజ్ఞకు హద్దు కలదని తానే ముందు ఒప్పుకొనవలెను. అధికారి హద్దు మీఱరాదని కోరు ప్రజయు, కల్లసాక్ష్యమును కక్షదారునకు ఆశ్రయమును మానుకొనవలెను. ఒక చేయి మాత్రమే కడుగుకొన్నచో రెండును శుభ్రముకావు.

ఇందులకు ఊరి గ్రంథాలయము చేయగల సాయము కలదు. పురాణ ప్రబంధముల ప్రక్కన రాజ్యాంగపు తెనుగు ప్రతియు, న్యాయసంహిత తెనుగు ప్రతియు ఉంచవలెను. వారమునకొకమాఱు చదువవచ్చినవారు చదువరానివారికి ఒక్కొక్క ప్రకరణము చదివి వినిపింపవలెను. వారంటు చూపుమని అడుగవచ్చునని తెలిసిన రైతు కఱ్ఱ యెత్తడు. రక్షణ కోరవచ్చునని తెలిసిన సాక్షి మాట మార్చడు. శాసనము తెలియనివానికి అది కోటగోడపై వ్రేలాడు తలవలె భయము గొల్పును. తెలిసినవానికి అదే తన గడపకు కావలి యగును.